మారడం వేరు, మార్చడం వేరు

(రాజమండ్రిలో ఒక ఆదివారం ఉదయం అధ్యాపకులు, తల్లిదండ్రులు, బీఈడీ విద్యార్థుల ముందు ఒక సైకాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని వెనక బెంచీ, వెనక బెంచీ అని తిడతాం, మనం చేసేదీ అదే. రండి, ఫ్యాను కూడా ఇటువైపే తిరుగుతోంది.

నాకిచ్చిన కాగితం మీద అంశం చాలా గంభీరంగా ఉంది. "యువతలో లైంగిక ధోరణి గుర్తింపు: స్థిరత్వం, మార్పు" అట. పది మార్కుల ప్రశ్నలా లేదూ? ఇదే ప్రశ్నని నా గదికొచ్చే తల్లిదండ్రులు మూడు మాటల్లో అడుగుతారు. "ఇది పోతుందా మేడమ్?" అంతే. పొద్దున పాఠం చెబుతూ, సాయంత్రం కౌన్సెలింగ్ గదిలో కూర్చుంటూ ఇరవై ఏళ్ళు దాటింది నాకు. ఈ మూడు మాటలూ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. గొంతు తగ్గించి అడుగుతారు. గదిలో ఉండేది మేమిద్దరమే, అయినా గొంతు తగ్గిస్తారు.

మొన్నామధ్య ఒకాయన వచ్చారు. ఊరు చెప్పను, ఉద్యోగం చెప్పను, ఒకటి రెండు వివరాలు మార్చే చెబుతున్నాను. కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడు. సంక్రాంతి సెలవులకొచ్చినప్పుడు వాళ్ళమ్మతో చెప్పాడు, నేను గే అని. ఆవిడ పండగ మూడు రోజులూ కడుపులో దాచుకుని, కనుమ వెళ్ళిన మర్నాడు ఈయనతో చెప్పారు. ఈయన ఎవరితోనూ అనకుండా నాలుగు వారాలు ఫోన్లో చదివారు. చదివిందంతా చొక్కా జేబులో పట్టే డైరీలో రాసుకున్నారు. ఆ డైరీ నా బల్ల మీద పెట్టి ఒక పేజీ తీశారు. నీలం సిరాతో 66 అని రాసి, దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టారు. "అమెరికాలో పద్నాలుగు వేలమంది పిల్లల్ని చూశారటండీ. 66 శాతం మంది తర్వాత మామూలుగా అయిపోయారట. ఫస్ట్ క్లాసే కదండీ" అన్నారు. నవ్వబోయారు కూడా పాపం.

ఆ 66 అబద్ధమైతే నాకు ఇంత బాధ లేదు. అబద్ధమైతే ఒక్క మాటలో కొట్టిపారేయొచ్చు. అది నిజమైన అంకే. కాకపోతే ఎవరింటికో రావాల్సిన ఉత్తరం ఈయన గుమ్మంలో పడింది.

అసలు సంగతి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. అమెరికాలో నర్సుల ఆరోగ్యం మీద పెద్ద అధ్యయనాలు జరిగాయి. 1989లో మొదలైన రెండో విడతలో ఉన్న నర్సుల పిల్లల్ని 1996 నుంచి విడిగా గమనించడం మొదలుపెట్టారు. అప్పటికి ఆ పిల్లలకి తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళు. దాన్ని "గ్రోయింగ్ అప్ టుడే స్టడీ" అంటారు. ఏం తింటున్నారు, ఎంతసేపు ఆడుతున్నారు, ఇలాంటివే ప్రశ్నలన్నీ. కాస్త ఎదిగాక వాటి మధ్య ఒక ప్రశ్న చేర్చారు: మీ మనసులో ఉన్నదానికి దగ్గరగా ఉన్నది ఏది? కింద ఆరు గడులు. పూర్తిగా స్ట్రెయిట్, అంటే అవతలి లింగంవాళ్ళ మీదే మనసు పోయేవాళ్ళు; చాలావరకు స్ట్రెయిట్; బైసెక్సువల్, పొట్టిగా బై, అంటే ఆడా మగా ఇద్దరివైపూ మనసు పోయేవాళ్ళు; చాలావరకు గే లేదా లెస్బియన్, అంటే తమ లింగంవాళ్ళ మీదే మనసు పోయే మగవాళ్ళు, ఆడవాళ్ళు; పూర్తిగా గే లేదా లెస్బియన్; ఆరోది "ఇంకా తేల్చుకోలేదు". ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. కొన్నేళ్ళకి మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ టిక్కు. ఇలా నాలుగుసార్ల వరకు అడిగారు.

2011లో మైల్స్ ఆట్ బృందం ఆ టిక్కులన్నీ ముందేసుకుని లెక్క కట్టింది. 12 నుంచి 25 ఏళ్ళ మధ్య వాళ్ళు, 13,840 మంది. అబ్బాయిల్లో 10 శాతం, అమ్మాయిల్లో 20 శాతం ఎప్పుడో ఒకప్పుడు స్ట్రెయిట్ అనే మొదటి గడి వదిలి ఇంకో గుర్తింపు చెప్పుకున్నారు. అమ్మో అనకండి. అందులో ఎక్కువమంది "చాలావరకు స్ట్రెయిట్" అన్నవాళ్ళే. "ఇంకా తేల్చుకోలేదు" అని ఎప్పుడైనా రాసినవాళ్ళు ఎందరో తెలుసా? అబ్బాయిల్లో 2 శాతం, అమ్మాయిల్లో 2 శాతం. పద్నాలుగు వేలల్లో ఓ మూడు వందల మంది అనుకోండి. ఈయన డైరీలోని 66 ఈ మూడు వందల మందిది! తేల్చుకోలేదు అన్నవాళ్ళలో 66 శాతం మంది మిగతాసార్లు పూర్తిగా స్ట్రెయిట్ అని రాశారు, ఎప్పుడూ గే అనో బై అనో రాయలేదు. అంతే ఆ వాక్యానికి అర్థం. పన్నెండేళ్ళ పిల్లకి ఆ ప్రశ్నే సరిగ్గా అర్థమై ఉండదు, తెలీదు అని టిక్కు పెట్టింది, పెద్దయ్యాక తెలిసింది. ఇందులో వింత ఏముంది?

నేను ఆయన్ని ఒక్కటే అడిగాను. "సార్, మీ అబ్బాయి ఏమన్నాడు? నాకు తెలియట్లేదు అన్నాడా, తెలుసు అన్నాడా?" ఆయన డైరీ మూశారు. కాసేపాగి, "తెలుసనే అన్నాడండీ. ఎనిమిదో క్లాసు నుంచీ తెలుసన్నాడు" అన్నారు.

సరే, ఆయన దగ్గరకి మళ్ళీ వద్దాం.

ఇప్పుడు మీరడగాలి నన్ను. మరి అసలు మారదా, పుట్టుకతో వచ్చింది పుడకలతోనే పోతుందా అని. సామెత బాగానే ఉంది గాని, ఈ విషయంలో అంత సులువుగా తేలదు. మారుతుంది. కొందరిలో మారుతుంది. ఆ మాట నేను దాచను. దాచి చెబితే, రేపు మీరే ఎక్కడో చదివి, ఆ లెక్చరరమ్మ మనకి అబద్ధం చెప్పింది అనుకుంటారు. కాకపోతే ఏది మారుతుంది అన్నది ముందు తేల్చుకోవాలి. మనం ఒకే మాటగా అనేదాంట్లో మూడు ఉన్నాయి. ఎవరి మీద మనసు పోతోంది, అది ఆకర్షణ. ఎవరితో ఏం చేశారు, అది నడవడి. నన్ను నేను ఏమని పిలుచుకుంటాను, అది గుర్తింపు, పేరు. ఈ మూడూ ఒకే దారిన నడవాలని రూలేం లేదు. పెళ్ళై ఇద్దరు పిల్లలున్నాయన మనసు పాతికేళ్ళుగా మగవాళ్ళ మీదే ఉండొచ్చు, ఏ పేరూ పెట్టుకోకపోవచ్చు. ఎవరి చెయ్యీ పట్టుకోని పదహారేళ్ళ పిల్లకి తను ఎవరో స్పష్టంగా తెలియొచ్చు. స్ట్రెయిట్ వాళ్ళకి మాత్రం ఎలా తెలిసింది, చేసి చూశాకా? మీలో ఎవర్నైనా అడిగారా, ఇంటర్లో ఉన్నప్పుడు, "నువ్వు స్ట్రెయిట్ అని అంత గట్టిగా ఎలా చెప్పగలవు" అని? అడగరు.

ఈ మూడింట్లో తేలిగ్గా, తొందరగా మారేది పేరు. మన ఊరే చూడండి. రాజమండ్రిని రాజమహేంద్రవరం చేశారు. బోర్డులు మారాయి, ఉత్తరాల మీద చిరునామా మారింది, మన నోట్లో మాత్రం రాజమండ్రే. గోదావరి అక్కడే పారుతోంది. పేరు మారితే నది మారినట్టు కాదు. అలాగని నది అస్సలు కదలదా? ఈ లంకలన్నీ ఎలా వచ్చాయి మరి! ఒక పాయ పూడుతుంది, ఇంకోటి తెరుచుకుంటుంది. అది నది సొంత పని. ఈ నదిని కాసేపు గుర్తుపెట్టుకోండి, దీంతో నాకు ఇంకా పని ఉంది.

కదలికను కొలవడానికి ఆ పరిశోధకులు ఆర్థికశాస్త్రం నుంచి ఒక కొలబద్ద అరువు తెచ్చుకున్నారు. ఒక్కసారీ గడి మార్చనివాళ్ళకి సున్నా. అడిగిన ప్రతిసారీ మార్చినవాళ్ళకి ఒకటి. మొత్తం పిల్లల్ని కలిపి చూస్తే ఆ అంకె చాలా తక్కువ, అంటే ఎక్కువమంది ఉన్నచోటే ఉన్నారు. అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో కదలిక ఎక్కువ. కానీ ఎప్పుడైనా గే, లెస్బియన్, బై, చాలావరకు స్ట్రెయిట్ అని రాసినవాళ్ళని మాత్రమే తీసుకుని చూస్తే రెండు సంగతులు. ఒకటి, కదలిక బాగా పెరిగింది. రెండోది, ఆడా మగా తేడా పోయింది. "ఆడపిల్లలది చంచల స్వభావం, మగపిల్లలది స్థిరం" అని సైకాలజీ పుస్తకాల్లో కూడా తిరిగిన మాటకి అక్కడ గండి పడింది. నాకు బాగా నచ్చిన ఫలితం అది.

మొదటిదాంట్లో ఒక తిరకాసు ఉంది. లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, చూస్తున్నాను, ఇప్పటికే నవ్వుతున్నారు. ఒక వీధిలో రెండు రకాల వాళ్ళున్నారు అనుకోండి. తాతలనాటి సొంతింట్లో పుట్టి అక్కడే ఉన్నవాళ్ళు. ఎప్పుడో ఒకప్పుడు అద్దెకున్నవాళ్ళు. ఇల్లు మారినవాళ్ళెవరు అని లెక్క తీస్తే అందరూ రెండో జాబితాలోనే తేలతారు. సొంతింటి వాళ్ళు మారలేదు కాబట్టే మొదటి జాబితాలో ఉన్నారు! ఇక్కడా అంతే. స్ట్రెయిట్ అన్న గడి దాటి ఎటు కదిలినా వెంటనే రెండో జాబితాలో పడతారు. కాబట్టి "వాళ్ళు నిలకడ లేనివాళ్ళు" అనే ముందు, ఆ జాబితా ఎలా కట్టారో చూడాలి. అద్దెకున్నవాళ్ళంతా నెలకో ఇల్లు మారరు. ఒకే అద్దింట్లో ముప్ఫై ఏళ్ళున్నవాళ్ళూ ఉన్నారు.

అలాంటివాళ్ళ లెక్క కావాలంటే న్యూయార్క్ వెళ్ళాలి. మార్గరెట్ రొసారియో బృందం అక్కడ 14 నుంచి 21 ఏళ్ళ పిల్లల్ని, 156 మందిని, కొంతకాలం వెంట ఉండి చూసింది. 2006లో అచ్చయింది. 57 శాతం మంది మొదట్నుంచీ గే, లెస్బియన్ అన్నవాళ్ళు, చివరిదాకా అదే అన్నారు. 15 శాతం మంది బై అన్నవాళ్ళు, బై గానే ఉన్నారు. 18 శాతం మంది బై నుంచి గే, లెస్బియన్‌కి వచ్చారు. ఈ 18 చూడండి. ఎటు మారారు? మారడం అంటే మన బుర్రలో ఒకటే దారి ఉంటుంది, "మామూలు" వైపు. బస్సు ఎక్కిన వాళ్ళంతా మన స్టాపులోనే దిగుతారు అనుకోవడం. వాళ్ళు అవతలి స్టాపులో దిగారు.

అన్నిటికన్నా ఓపిగ్గా ఈ పని చేసింది లీసా డైమండ్. యూటా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. తొంభైల మధ్యలో, తనే ఇంకా పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టింది. స్ట్రెయిట్ కాని యువతులు, లెస్బియన్ అన్నవాళ్ళు, బై అన్నవాళ్ళు, ఏ పేరూ వద్దన్నవాళ్ళు. రెండేళ్ళకోసారి వాళ్ళతో మాట్లాడుతూ పదేళ్ళు గడిపింది. చివరిదాకా నిలిచినవాళ్ళు 79 మంది. పదేళ్ళు ఒకే 79 మందికి ఫోన్లు చేయడం అంటే మాటలా? మన దగ్గర మూడేళ్ళ డిగ్రీ అయ్యాక పూర్వ విద్యార్థుల నంబర్లు దొరకవు.

ఆవిడకి తేలిందేమిటంటే, పదేళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒక్కసారైనా పేరు మార్చుకున్నారు. ఇది ఒక్కటే వింటే డైరీ పట్టుకొచ్చే నాన్నలు ఇంకో వందమంది తయారవుతారు. తరవాతది కూడా వినండి. బై అనో, పేరు వద్దనో ఉండి తర్వాత స్ట్రెయిట్ అని చెప్పినవాళ్ళు 17 శాతం. ఆ 17లో సగానికి పైగా మళ్ళీ వెనక్కొచ్చి బై అనో, పేరు వద్దనో అన్నారు. బై, పేరు వద్దు అన్నవాళ్ళు పేరు మార్చుకున్నా ఎక్కువగా ఆ రెండింటి మధ్యే తిరిగారు. చాలామంది ఒకరితోనే కుదురుగా కాపురంలో స్థిరపడ్డారు, అయినా ఇద్దరివైపూ మనసు పోవడం తగ్గలేదు. బైసెక్సువల్ అనేది దారిలో మజిలీ, ఎవరైనా చివరికి ఇటో అటో తేలాల్సిందే అని అప్పటిదాకా చెప్పినవాళ్ళకి ఆవిడ పదేళ్ళ కాగితాలు చూపించింది.

మరి న్యూయార్క్ పిల్లల్లో 18 శాతం మందికి అది మజిలీయే అయింది కదా? అయింది. కొందరికి మజిలీ, కొందరికి ఊరు. ఒకళ్ళ సంగతి పట్టుకుని ఇంకొకళ్ళకి చెప్పకూడదు అనే నా గోలంతా.

పల్లెటూళ్ళలో ఇవన్నీ ఉండవు, ఇది సిటీ సరదా అని నాతో అన్నవాళ్ళున్నారు. అమెరికాలోనే ఆగ్నేయ భాగంలోని పల్లె ప్రాంతపు హైస్కూళ్ళలో 744 మంది పిల్లల్ని మూడేళ్ళు వరసగా అడిగారు. అమ్మాయిల్లో 26 శాతం, అబ్బాయిల్లో 11 శాతం కనీసం ఒకసారి పేరు మార్చారు. ఇది పిల్లల చాపల్యం అనుకునేవాళ్ళకి ఇంకోటి. బ్రిటన్‌లో 22 వేలమందికి పైగా పెద్దవాళ్ళని ఆరేళ్ళ తేడాతో అడిగితే 6.6 శాతం మంది జవాబు మారింది. ఎక్కువ మారింది ఎవరిలో? పాతికేళ్ళ లోపు వాళ్ళలో, 65 దాటినవాళ్ళలో. తాతయ్యలు, అమ్మమ్మలు కూడా మార్చుకుంటున్నారు, మనం మనవళ్ళని మాత్రం అంటున్నాం.

అంకెలు చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఇది కాస్త సరదాగా ఉంటుంది. అమెరికాలో "యాడ్ హెల్త్" అని 1994లో బడిపిల్లలతో మొదలైన భారీ అధ్యయనం ఉంది. అందులో తమ లింగంవాళ్ళ మీద ఇష్టం ఉందని మొదట రాసిన పిల్లల్లో 70 శాతానికి పైగా పెద్దయ్యాక స్ట్రెయిట్ అన్నారు. చూశారా, పోతుంది అన్నారు కొందరు. రిచ్ సావిన్-విలియమ్స్, కారా జాయనర్ అనే ఇద్దరు 2014లో దీన్ని తిరగేసి, అబ్బాయిల్లో చాలామంది వెక్కిరింతకి రాశారు, కొందరికి "రొమాంటిక్ ఆకర్షణ" అన్న మాటే అర్థం కాలేదు అన్నారు. ఎలా అనుమానం వచ్చింది? అదే అధ్యయనంలో బడిలో ఇచ్చిన కాగితం మీద మాకు కృత్రిమ కాలో చెయ్యో ఉందని చాలామంది రాశారట. ఇంటికెళ్ళి అడిగితే దాదాపు ఎవరికీ లేదు! టీచర్లు నవ్వుతున్నారు, మీకు కొత్త కాదు ఇది. వాళ్ళ వాదనని కాదన్న పరిశోధకులూ ఉన్నారు, ఆ గొడవ ఇప్పుడొద్దు. తొమ్మిదో క్లాసు పిల్లాడు ఇచ్చిన ఒక్క జవాబు మీద జీవితకాలపు సిద్ధాంతం కట్టకండి, అంతే నేననేది.

మరి పిల్లలు పేరు ఎందుకు మారుస్తారు? ముందు మాట దొరకాలి కదమ్మా. హాస్టల్లో ఉన్న పదిహేనేళ్ళ పిల్లకి పక్క మంచం పిల్ల సెలవులకి ఊరెళ్తే అన్నం సహించదు. దానికి ఆ పిల్లకి తెలిసిన మాట "బెస్ట్ ఫ్రెండ్" ఒక్కటే. ఇంకో మాట వినేసరికి డిగ్రీకొస్తుంది. మనం అప్పుడేమంటాం? "డిగ్రీలో చేరాక మారిపోయింది, ఆ కాలేజీయే పాడుచేసింది." ఆ పిల్ల మారలేదు, మాట దొరికింది. కొందరు ముందు మెత్తటి మాట వేసి చూస్తారు. గే అంటే ఇంట్లో ఏమవుతుందో అని బై అంటారు, చన్నీళ్ళలో ముందు కాలు పెట్టి చూసినట్టు. కొందరు దెబ్బలు తిని "ఊరికే అన్నాను" అని వెనక్కి తీసుకుంటారు. ఫారంలో అది కూడా మార్పుగానే నమోదవుతుంది! దెబ్బల సంగతి ఫారంలో ఉండదు. కొందరికి నిజంగానే మనసు కొత్తవైపు తెరుచుకుంటుంది, అనుకోకుండా, ఒక మనిషి వల్ల. ఈ నాలుగూ బయటికి ఒకేలా కనబడతాయి. పాత గడి కొట్టేసి కొత్త గడిలో టిక్కు.

ఈమధ్య అందరూ ఇలా చెప్పుకుంటున్నారేమిటి, ఫ్యాషనా అంటారు. అమెరికాలో గ్యాలప్ సర్వేలో 2012లో పెద్దవాళ్ళలో 3.5 శాతం మంది ఇలా చెప్పుకున్నారు, 2024లో 9.3 శాతం. కుర్రవాళ్ళలో నూటికి ఇరవై దాటింది, అందులోనూ బై అనేవాళ్ళే ఎక్కువ. ఫ్యాషన్ కోసం అమ్మానాన్నలతో మాటలు మానుకునే పిల్లని నేనింతవరకూ చూడలేదు. నా గదిలో అయితే చూడలేదు.

ఇప్పుడు నదిని గుర్తుపెట్టుకోమన్నాను కదా, అక్కడికొద్దాం. తెలుగులో మనకో సుఖం ఉంది. మారడం, మార్చడం. ఒక్క చకారం తేడా. మారడం తనంతట తాను జరిగేది, మార్చడం ఇంకొకరు చేసేది. జుట్టు నెరుస్తుంది. తిట్టి నెరిపించలేం, బతిమాలి ఆపలేం. మారుతుంది అని వినగానే తల్లిదండ్రుల చెవికి "మార్చొచ్చు" అని వినబడుతోంది. వచ్చిన చిక్కంతా ఇదే. లీసా డైమండ్‌కి కూడా ఇదే జరిగింది. ఆవిడ పనిని చూపించి, చూశారా మార్చొచ్చు అని కొన్ని సంస్థలు ప్రచారం చేస్తే, నా పరిశోధనని వక్రీకరిస్తున్నారు అని ఆవిడ బయటికొచ్చి చెప్పాల్సి వచ్చింది.

మార్చగలం అన్నవాళ్ళు ఏం సాధించారో చూద్దాం. రాబర్ట్ స్పిట్జర్ అని పెద్ద సైకియాట్రిస్టు. 1973లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి తీసేయడంలో ఆయన చెయ్యి ఉంది. అంత మనిషీ 2001లో, మారామని చెప్పుకున్న 200 మందితో ఫోన్లో మాట్లాడి, పట్టుదల ఉంటే కొందరు మారగలరు అన్నాడు. 2003లో అచ్చేశారు. ప్రపంచమంతా మోగిపోయింది. 2012లో, ఎనభైకి దగ్గర పడ్డ వయసులో, ఉత్తరం రాశాడు. వాళ్ళు చెప్పింది నిజమో కాదో తేల్చుకునే దారి నా దగ్గర లేదు, నన్ను నమ్మి ఆ చికిత్సల్లో ఏళ్ళు పోగొట్టుకున్న వాళ్ళకి క్షమాపణ అని. మరుసటేడు, 2013లో, ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అని దశాబ్దాలుగా ప్రార్థనలతో మారుస్తామన్న సంస్థ కూడా క్షమాపణ చెప్పి తలుపులు మూసింది. అంతకుముందే 2009లో అమెరికా సైకాలజీ సంఘం అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా చదివించి, ఇవి పనిచేస్తాయనడానికి ఆధారం లేదు, హాని జరుగుతుందనడానికి సూచనలున్నాయి అంది. మంత్రాలకి చింతకాయలు రాలవు. కాకపోతే రాళ్ళు విసిరితే కొమ్మలు విరుగుతాయి.

అన్నట్టు ఇక్కడ మీలో ఎవరో అంటారు, గోదావరిని కాటన్ దొర మార్చలేదా అని. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టాడు, నిజమే. ఆనకట్ట కడితే నీళ్ళు ఏమవుతాయి? వెనక నిలబడతాయి. ఎక్కడికీ పోవు. ఆనకట్టకి తలుపులుంటాయి కాబట్టి సరిపోయింది. పిల్లలకి మనం కట్టే వాటికి తలుపులు కూడా పెట్టం.

మన దగ్గర ఆ కట్ట పేరు పెళ్ళి. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒక్కటే అనిపిస్తుంది, మీ అబ్బాయికి మందుగా ఇంకొకరింటి ఆడపిల్లని ఎలా రాస్తారండీ? ఆ పిల్ల ఏం చేసింది? దీని గురించి ఇంతకన్నా మాట్లాడితే నాకు కోపం వస్తుంది, ముందుకెళ్దాం.

చట్టం సంగతి చకచకా చెబుతాను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పెద్దవాళ్ళు ఇష్టపడి కలిసి ఉంటే, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ వర్తించదంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, సమాజపు నీతికి సరిపోలేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బుందని తేల్చకూడదంటుంది. 2021లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేష్ దగ్గరకి ఇద్దరు యువతుల కేసొచ్చింది. ఆయన తీర్పు రాసే ముందు, నాకే ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, ఒక సైకాలజిస్టు దగ్గర తనే కూర్చుని నేర్చుకున్నాడు. జడ్జి గారు అలా చేయగలిగితే మనకేం చిన్నతనం? ఆ కేసు ఫలితంగానే 2022లో నేషనల్ మెడికల్ కమిషన్, మార్పిడి చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని చెప్పింది. కాబట్టి, మా దగ్గరకి తీసుకురండి, ఆరు నెలల్లో మార్చేస్తాం అని ఏ డాక్టరైనా అంటే, తప్పు చేస్తున్నది ఆయన. 2024 మార్చిలో సుప్రీంకోర్టు, కింది కోర్టులు కూడా కౌన్సెలింగ్ పేరుతో ఎవరి గుర్తింపునీ మార్పించే ప్రయత్నం చేయకూడదంది. ఆ ఏడు డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఇద్దరు మేజరు యువతులు తమ ఇష్టప్రకారం కలిసి ఉండొచ్చంది.

ఇంకో మాట, ఇది నా తోటివాళ్ళకి, ఈ పిల్లల పక్షాన మాట్లాడేవాళ్ళకి. "పుట్టుకతో వచ్చింది, మారదు, కాబట్టి వదిలేయండి" అని వాదిస్తుంటాం. నేనూ వాదించాను, పదేళ్ళ క్రితం ఇలాంటి వేదిక మీదే. ఇప్పుడు ఆ వాదన మానేశాను. ఎందుకు? రేపు ఒక పిల్ల నిజంగానే పేరు మార్చుకుంటే, దాని హక్కు పోయినట్టా? మతం మార్చుకోవచ్చు కదా మనం. మారుతుంది కాబట్టి మతానికి రక్షణ వద్దు అన్నామా? రాజ్యాంగంలోని 25వ అధికరణం అలా అనదే. మారనిదానికే గౌరవం అంటే, మారని సంగతి రుజువు చేసుకునే బరువు పదిహేడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టినట్టు. "బాగా ఆలోచించావా? రేపు మారవు కదా? రాసిస్తావా?" ఏ పిల్లని అడుగుతాం ఇలా? ఎంపీసీ తీసుకుని రెండు నెలలకి సీఈసీకి మారితే కూడా ఇన్ని ప్రశ్నలు వేయం.

టీచర్లకి నాదొక మనవి. పిల్లలు వచ్చి చెబితే లెక్క రాసుకోకండి. "పోయినేడు బై అన్నావుగా, ఇప్పుడు లెస్బియన్ అంటావేంటి?" ఈ మాట అన్నారా, ఇంక ఆ పిల్ల మీకేదీ చెప్పదు. ఏ పేరు చెబితే ఆ పేరు పలకండి. మార్చి చెబితే మార్చి పలకండి. వాళ్ళింట్లో మీరు మాత్రం చెప్పకండి, మంచి చేస్తున్నాననుకుని అసలే చెప్పకండి. ఎవరితో, ఎప్పుడు చెప్పాలో తేల్చుకోవాల్సింది ఆ పిల్ల.

డైరీ నాన్నగారు లేవబోతూ అడిగారు, "అయితే ఆశ లేదంటారా?" అని. "దేని మీద ఆశ సార్?" అన్నాను. ఆయన చాలాసేపు జవాబు చెప్పలేదు. తర్వాత, వాడు ఉగాదికి ఇంటికొస్తానో రానో అంటున్నాడండీ అన్నారు. ఆయన భయం అక్కడుంది, 66లో లేదు. ఆ మాట మీద ఇంకో గంట మాట్లాడుకున్నాం. ఉగాదికి ఆ అబ్బాయి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

ఇదిగో, నేను మాట్లాడుతుండగానే చీటీలొచ్చాయి. పేర్లు రాయొద్దని ముందే చెప్పారు, మంచిపని. మొదటిది చదువుతాను. "ఇంటర్‌లో ఒక్క స్నేహితురాలికే చెప్పాను నేను బై అని. ఇప్పుడు నాకలా అనిపించడం లేదు. అప్పుడు నేను అబద్ధం చెప్పినట్టా?"

లేదు నాన్నా. అప్పుడు నీకు ఎలా ఉందో అదే చెప్పావు. ఇప్పుడెలా ఉందో ఇప్పుడు చెబుతున్నావు. ఆ స్నేహితురాలికి సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, నీకు చెప్పాలనిపిస్తే చెప్పు. రేపు మళ్ళీ వేరేలా అనిపిస్తే, అప్పుడూ అంతే.

మిగతా చీటీలు ఇంటికి తీసుకెళ్తాను, వచ్చే ఆదివారం జవాబులు చెబుతాను. టీ ఎప్పుడో వచ్చిందట, చల్లారిపోతోంది. వెనక వరస వాళ్ళు ముందు వెళ్ళండి, ఈసారికి.